ఆరేళ్ళు చెట్టు కింద ఎండిన 1991 మియాటా: ఈ ఎర్ర రంగు బతుకుతుందా, మళ్ళీ పెయింట్ కొట్టించాలా?

కిరణ్_ప్లేనో
మార్చి 8, రాత్రి 10:15

అందరికీ నమస్కారం. డల్లాస్ పక్కన ప్లేనోలో ఉంటాను. మా వీధి చివర ఉండే పెద్దాయన దగ్గర 1991 మాజ్డా మియాటా కొన్నాను, రెండు సీట్లు, తెరుచుకునే గుడ్డ టాప్ ఉన్న చిన్న కారు. మోకాళ్ళ ఆపరేషన్ అయ్యాక అంత కిందికి ఉండే కారులో కూర్చుని లేవడం ఆయన వల్ల కాలేదు. ఆరేళ్ళ కిందట ఇంటి వెనక పెకాన్ చెట్టు కింద పెట్టి అలాగే వదిలేశారు. కవర్ కూడా కప్పలేదు. 1.6 లీటర్ల ఇంజన్, 116 హార్స్ పవర్. బ్యాటరీ, బెల్టులు మార్చి, ట్యాంకు కడిగి కొత్త పెట్రోల్ పోస్తే స్టార్ట్ అయింది. పైకి లేచే హెడ్‌లైట్లు రెండూ లేస్తున్నాయి. ఇంజన్ పని నాకు కొంత వచ్చు కాబట్టి అక్కడ భయం లేదు. టెన్షన్ అంతా రంగు గురించే.

కలర్ కోడ్ ఎస్‌యు, అంటే క్లాసిక్ రెడ్. ఇప్పుడు బానెట్, డిక్కీ మూత మాత్రం రాజమండ్రి రోజ్‌మిల్క్ రంగులో ఉన్నాయి. తలుపులు కొంచెం నయం. బానెట్ మీద చెయ్యి వేసి తీస్తే అరచేతికి ఎర్రటి సుద్దపొడి అంటుకుంది. పైగా చెట్టు నుంచి కారిన జిగురు, ఆ జిగురు మీద నల్లటి బూజు, పిట్టల రెట్టలు. ఒక్క విషయం మాత్రం నన్ను నిలవనీయడం లేదు. పైపుతో నీళ్ళు కొడితే, తడి ఉన్నంతసేపూ బానెట్ పండుమిరపకాయలా ఉంటుంది. ఆరగానే మళ్ళీ గులాబీ.

ఇక్కడ ఒక షాపులో చూపిస్తే "రంగు చచ్చిపోయింది, గీకేసి మొత్తం కొట్టాల్సిందే" అని 6 వేల డాలర్లు చెప్పారు. కారుకు నేను పెట్టింది 2,800. డబ్బు సంగతి అలా ఉంచండి. హిరోషిమాలో ఫ్యాక్టరీలో పడిన రంగు ఇన్నేళ్ళు నిలిచి నా చేతికి వచ్చాక పోవడం మనసుకు ఒప్పడం లేదు. దీన్ని బతికించే దారి ఉందా?

బెజవాడ_రంగులు
మార్చి 9, ఉదయం 11:40

కిరణ్ బాబూ, ఆటోనగర్‌లో 31 ఏళ్ళుగా టింకరింగ్, పెయింటింగ్ పనిలో ఉన్నాను. చేతికి రంగు అంటుకుందన్నావు చూడు, అది చెడ్డ కబురు కాదు, మంచి కబురు. క్లియర్ కోటు, అంటే రంగు మీద కొట్టే రంగులేని మెరుపు పొర, ఉన్న బండికి చేతికి రంగు రాదు. నీ బండి మీద రంగూ మెరుపూ ఒకే పొరలో ఉన్నాయన్నమాట. దాన్ని సింగిల్ స్టేజ్ అంటాం. మా చిన్నప్పటి అంబాసిడర్లు, పద్మినీలు అన్నీ ఆ రకమే. పైన చచ్చింది పొర మాత్రమే, కింద ఇంకా రంగు ఉండొచ్చు.

ముందు ఒక తెల్ల బనియన్ గుడ్డ తీసుకో. పాలిష్ ఒక చుక్క వేసి ప్రతి ప్యానెల్ మీదా ఒక మూల, కనపడని చోట రుద్ది చూడు. ప్రతి ప్యానెల్‌కూ గుడ్డ మార్చు. ఎరుపు వచ్చిన చోట సింగిల్ స్టేజ్. రాని చోట ఎవరో తర్వాత క్లియర్ కొట్టారని లెక్క. ఒక దాన్ని చూసి బండంతా అంతేనని అనుకోవద్దు. ముప్ఫై ఏళ్ళు దాటిన బండికి ఎక్కడో ఒకచోట గన్ తగిలే ఉంటుంది.

హారిక_సియాటిల్
మార్చి 9, మధ్యాహ్నం 3:05

బాబాయ్ గారి మాటే నాదీ. వారాంతాల్లో పాత కార్లకు పెయింట్ కరెక్షన్ చేస్తుంటాను, మియాటాలు మూడు చేశాను. 90ల మొదట్లో వచ్చిన క్లాసిక్ రెడ్ ఇలాగే గులాబీ రంగుకు తిరుగుతుంది, చాలావరకు తిరిగి వస్తుంది కూడా.

కిరణ్ గారూ, పాలిష్ మొదలుపెట్టకముందే పెయింట్ మందం కొలిచే గేజ్ సంపాదించండి. ఫ్యాక్టరీ పెయింట్ మొత్తం కలిపి సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు ఉంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అందులో ప్రైమర్ కూడా కలిసి ఉందని గుర్తుంచుకోండి, అంటే మనం రుద్దడానికి ఉన్నది చాలా తక్కువ. చవక గేజ్‌లు కొన్ని ఇనుము మీదే పనిచేస్తాయి. మీ కారు బానెట్ అల్యూమినియం, దాని మీద అవి రీడింగ్ చూపించవు. రెండు లోహాల మీదా కొలిచేది అడిగి తీసుకోండి. బంపర్లు ప్లాస్టిక్, వాటి మీద ఏదీ చూపదు.

ఇంకో మాట. బానెట్ ఎత్తి ఇంజన్ గది గోడలు చూడండి, డిక్కీ మూత లోపలి వైపు చూడండి. ఎండ తగలని చోట అసలు రంగు అలాగే ఉంటుంది. మనం చేరాల్సిన ఊరు అదే.

కిరణ్_ప్లేనో
మార్చి 11, రాత్రి 9:30

గేజ్ దొరికింది, తెలిసిన వాళ్ళ దగ్గర అప్పు తెచ్చాను. తలుపులు 108 నుంచి 121. బానెట్ మధ్యలో 97, అంచుల్లో 90. డిక్కీ మూత 104. ముందు ఫెండర్లు, అంటే చక్రాల మీది రేకులు, రెండూ 110 దరిదాపుల్లో. కుడివైపు వెనక ఫెండర్ దగ్గరికి వచ్చేసరికి 305, 318, 340!

గుడ్డ పరీక్ష కూడా అదే చెప్పింది. అన్నిచోట్లా ఎరుపు వచ్చింది. ఆ ఒక్క ఫెండర్ మీద గుడ్డ తెల్లగానే ఉంది, కొంచెం మట్టి తప్ప. దగ్గరగా చూస్తే డిక్కీ పక్క అంచులో బొటనవేలంత మేర ఎండిన ఉల్లిపొరలా లేచి ఉంది. గోరు తగిలితే ఊడి వస్తోంది. పెద్దాయన్ని అడిగితే, 2003లో ఎవరో పార్కింగ్‌లో గుద్దారని, ఒక షాపులో బాగు చేయించానని చెప్పారు.

బెజవాడ_రంగులు
మార్చి 12, ఉదయం 8:20

చెప్పానా! పాత రంగు మీదే కొత్తది కొట్టారు. లప్పం ఎక్కువ ఉంటే ఇంకా పెద్ద అంకెలు వచ్చేవి. మెత్తటి గుడ్డ చుట్టి చిన్న అయస్కాంతం పెట్టి చూడు, గట్టిగా పట్టుకుంటే పర్లేదు.

ఆ ఫెండర్ మీద లేచిన క్లియర్‌కు మందు లేదు బాబూ. ఏ పాలిషూ దాన్ని అతికించలేదు. అది ఒక్కటీ పేపర్ కొట్టి మళ్ళీ స్ప్రే చేయాలి. కానీ ఇప్పుడే కాదు. ముందు మిగతా బండి అంతా పాలిష్ చేసి అసలు రంగు బయటికి తియ్యి. తర్వాత ఆ రంగుకు ఫెండర్‌ను కలపాలి. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. వెలిసిన పక్క ప్యానెల్ చూసి రంగు కలుపుతారు, తర్వాత పాలిష్ చేస్తే ఫెండర్ వేరు, బండి వేరు అయిపోతుంది. కోడ్ చూసి డబ్బా తెచ్చి కొట్టినా సరిగ్గా కలవదు, ముప్ఫై ఏళ్ళలో అసలు రంగు కూడా కొంచెం జరుగుతుంది.

అంచుల్లో 90 అన్నావు. అక్కడ మిషన్ పెట్టొద్దు. మొదట్లో నేను ఒక పద్మిని బానెట్ గీటు మీద రోటరీ, అంటే ఒకేచోట గిర్రున తిరిగే పాలిష్ మిషన్, ఒక్క క్షణం ఎక్కువ నిలిపాను. ఎర్ర రంగులోంచి బూడిద రంగు ప్రైమర్ కనపడింది. ఆ ఓనర్ ముఖం ఇప్పటికీ గుర్తుంది. నా డబ్బుతోనే బానెట్ మళ్ళీ కొట్టిచ్చాను. అప్పటినుంచి అంచులన్నిటికీ టేపు వేయకుండా మిషన్ ఆన్ చెయ్యను.

కాకినాడ_మాస్టారు
మార్చి 12, సాయంత్రం 6:45

రసాయన శాస్త్రం చెప్పి రిటైరయ్యాను. తడిస్తే ఎరుపు, ఆరితే గులాబీ ఎందుకో రెండు మాటలు చెప్పనివ్వండి, ఎందుకంటే కిరణ్ ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది.

పెయింటు అంటే రంగు రేణువులు, వాటిని పట్టి ఉంచే రెజిన్. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, గాలి, తేమ కలిసి పైపై రెజిన్‌ను ముక్కలు చేస్తాయి. బంధం వదిలిన రేణువులు పొడిగా పైకి తేలుతాయి. మీ చేతికి అంటింది అదే. ఇప్పుడు ఆ ఉపరితలం నున్నగా లేదు, కంటికి కనపడనంత గరుకు. దాని మీద పడిన తెల్లని వెలుతురు అన్ని దిక్కులకూ చెదిరి, ఎరుపుతో కలిసి గులాబీలా కనిపిస్తుంది. నీళ్ళు ఆ గుంతల్ని నింపితే చెదరడం తగ్గి అసలు ఎరుపు కనపడుతుంది. ఎండిన ఇటుక మీద నీళ్ళు చల్లితే ముదురు రంగు వచ్చేదీ ఇందుకే.

కాబట్టి తడిపినప్పుడు ఎరుపు కనిపించిందంటే కింద రేణువులు క్షేమంగా ఉన్నాయి. గరుకు పొర తీసేస్తే చాలు.

హారిక_సియాటిల్
మార్చి 12, రాత్రి 11:10

మాస్టారూ, ఇంత చక్కగా నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. ధన్యవాదాలు.

కిరణ్ గారూ, ఇక కడగడం. ఈ దశలో తొందరపడితే కొత్త గీతలు పడతాయి. పెకాన్ చెట్టు మీద పేనుబంక పురుగులు తియ్యటి జిగురు కారుస్తాయి, దాని మీదే ఆ నల్ల బూజు పెరుగుతుంది. గట్టిగా రుద్దొద్దు. గోరువెచ్చటి సబ్బు నీళ్ళలో ముంచిన తువ్వాలు పరిచి పది నిమిషాలు నాననివ్వండి. రెట్టలకూ అంతే. రెండు బకెట్లు పెట్టుకోండి, ఒకదానిలో సబ్బు, ఒకదానిలో మంచినీళ్ళు. గుడ్డను ప్రతిసారీ మంచినీళ్ళలో జాడించాకే సబ్బులో ముంచాలి.

తర్వాత క్లే, అంటే పెయింట్‌కు అంటుకుపోయిన మురికిని లాగేసే మెత్తటి ముద్ద. చిన్న ముక్క తీసుకుని, లూబ్రికెంట్ ధారాళంగా కొట్టి, బరువు వేయకుండా జరపాలి. కింద పడితే ఆ ముక్క పారేయాల్సిందే, ఇసుక రేణువు ఒక్కటి అంటినా చాలు. క్లే ఎర్రగా అవుతుంది, కంగారుపడకండి.

మిషన్ పట్టకముందు మెగ్వయర్స్ 7 నంబర్ గ్లేజ్ తెచ్చుకోండి. పాత కాలం నూనె గ్లేజ్ అది. దళసరి టర్కీ గుడ్డతో బాగా పట్టించి, రాత్రంతా వదిలేసి, పొద్దున తుడవండి. ఎండిన పెయింట్ ఆ నూనె పీల్చుకుంటుంది, పాలిష్ కింద పెళుసుగా ఊడదు.

కాకినాడ_మాస్టారు
మార్చి 13, ఉదయం 7:30

హారికమ్మా, ఒక చిన్న సవరణ. పెయింట్ మన చర్మంలా నూనె తాగి కోలుకోదు. విరిగిన రెజిన్ మళ్ళీ అతకదు. నూనె ఆ సన్నటి గుంతల్లో నిలిచి ముదురు రంగు చూపిస్తుంది, రుద్దేటప్పుడు జారుడు ఇస్తుంది. ఆ జారుడు వల్ల తక్కువ పెయింట్ పోతుందంటే ఒప్పుకుంటాను.

హారిక_సియాటిల్
మార్చి 13, ఉదయం 9:00

ఒప్పుకుంటున్నాను మాస్టారూ, "పీల్చుకుంటుంది" అన్నది మా పనివాళ్ళ మాట. కారణం మీరు చెప్పిందే అయినా, నేను చేసిన మూడు కార్లలో గ్లేజ్ పెట్టిన చోట తేడా కళ్ళారా చూశాను. 97 మైక్రాన్ల బానెట్ మీద ఆ తేడా వదులుకోను.

కిరణ్_ప్లేనో
మార్చి 16, రాత్రి 8:50

శని, ఆదివారాలు రెండూ కడగడానికే సరిపోయాయి. జిగురు నిజంగానే నానితే వదిలింది.

మియాటా ఉన్నవాళ్ళు, కొనాలనుకునేవాళ్ళు ఈ ముక్క తప్పక చదవండి. కడిగేటప్పుడు సీటు వెనక కార్పెట్ తడిసింది. టాప్ మీద పడిన వాన నీళ్ళు పోవడానికి సీట్‌బెల్టు స్తంభాల వెనక రెండు కాలువలు ఉంటాయి. అక్కడినుంచి కిందికి దిగి వెనక చక్రాలకు కాస్త ముందు బయటికి వస్తాయి. కుడివైపు ఒక గ్లాసు నీళ్ళు పోశాను. దిగలేదు, అలాగే నిలబడింది. గడ్డి కోసే మిషన్‌కు వాడే నైలాన్ తీగ తెచ్చి మెల్లగా దించాను. రెండు అడుగులు దిగాక మెత్తగా ఏదో తగిలింది. తిప్పుతూ లాగుతూ ఉంటే గుభేల్‌మని వదిలింది. కింద డికాషన్ లాంటి నల్లటి నీళ్ళు, కుళ్ళిన ఆకులు, ఒక పెకాన్ తొక్క. ఆరేళ్ళ చెత్త అది. ఇంకొన్నాళ్ళు అలాగే ఉంటే తలుపు కింద రాకర్ లోపలినుంచి తుప్పు పట్టేది. చాలా మియాటాలు అక్కడే పోతాయట. టార్చి వేసి, కింద పడుకుని చూశాను. అదృష్టం, పైపై మరకలే, ఇనుము గట్టిగానే ఉంది.

క్లే అయింది. ఇప్పుడు బానెట్ మీద గ్లేజ్ పట్టించి గ్యారేజీలో వదిలేశాను.

మేడ్చల్_మురళి
మార్చి 17, ఉదయం 10:25

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నాది నల్ల సెడాన్, 2014ది. రాత్రి వీధి దీపం కింద చూస్తే బానెట్ నిండా సాలెగూడు లాంటి గీతలు, బోరు నీళ్ళ తెల్ల మచ్చలు. అపార్ట్‌మెంట్‌లో రోజూ పొద్దున్నే ఒకబ్బాయి తుడుస్తాడు. సర్వీసుకు ఇచ్చినప్పుడల్లా రబ్బింగ్ పాలిష్ చేయిస్తున్నా మళ్ళీ వస్తున్నాయి.

బెజవాడ_రంగులు
మార్చి 17, ఉదయం 11:15

మురళి గారూ, ఆ అబ్బాయి ఒకే బకెట్టు, ఒకే గుడ్డతో పది బండ్లు తుడుస్తాడు. దుమ్ము మీద తడిగుడ్డ అంటే నీళ్ళ కాగితం రుద్దినట్టే. రోజూ తుడవడం మాన్పించి, వారానికి ఒకసారి బాగా నీళ్ళు కొట్టి కడిగించండి. అతని డబ్బు మాత్రం తగ్గించకండి. ఇక ప్రతి సర్వీసుకూ రబ్బింగ్ వద్దే వద్దు. మీ బండి మీద క్లియర్ 40, 50 మైక్రాన్లకు మించి ఉండదు. రబ్బింగ్ చేసిన ప్రతిసారీ కొంత అరుగుతుంది. బోరు నీళ్ళ మచ్చలకు తెల్ల వెనిగర్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి, నీడలో, చల్లటి బానెట్ మీద ఒక నిమిషం ఉంచి కడిగేయండి. దానికి పోకపోతే పెయింట్‌ను తిన్నట్టు.

కిరణ్_ప్లేనో
మార్చి 22, సాయంత్రం 5:40

ఈ రోజు మొదటిసారి మిషన్ పట్టాను. బాబాయ్ గారు రోటరీ మీద చెప్పింది చదివాక తిరుగుతూనే అటూ ఇటూ ఊగే డ్యూయల్ యాక్షన్ పాలిషర్‌నే తెచ్చాను. బానెట్ ఎడమవైపు రెండడుగుల చదరం, మధ్యలో టేపు. ఒక సగం ముట్టుకోలేదు. ఫోమ్ ప్యాడ్, మెగ్వయర్స్ 205 పాలిష్, బఠాణీ గింజంత నాలుగు చుక్కలు. స్పీడు 4లో పెట్టి, సెకనుకు అంగుళం చొప్పున, అడ్డంగా ఒకసారి నిలువుగా ఒకసారి.

రెండో గీతకే ప్యాడ్ నిండా ఎరుపు. పారాణి పెట్టిన పాదంలా అయింది. ఒక్క క్షణం గుండె ఆగింది, రంగంతా ఊడొచ్చేస్తోందేమో అని. మాస్టారి ఇటుక మాట గుర్తుచేసుకుని ఆపకుండా నాలుగు పాస్‌లు పూర్తి చేశాను. తుడిచి టేపు లాగాను.

టేపుకు కుడిపక్క రోజ్‌మిల్క్. ఎడమపక్క ఎరుపు. ఆ ఎరుపులో గ్యారేజీ ట్యూబ్‌లైటు, దాని క్లిప్పులతో సహా కనపడుతోంది. మా అమ్మాయి వచ్చి, "నాన్నా, ఇది వేరే కారా?" అంది. గేజ్ పెట్టాను: 97 ఉన్నచోట 94.

హారిక_సియాటిల్
మార్చి 22, సాయంత్రం 6:30

చాలా సంతోషం! మూడు మైక్రాన్లు అంటే మీ చేయి బాగుంది. ఇంకా గట్టి కాంపౌండ్ జోలికి వెళ్ళొద్దు. అక్కడక్కడా లోతు గీతలు మిగులుతాయి, మిగలనివ్వండి. వాటికోసం రంగు ఖర్చు చేయొద్దు, ఆ రంగు మళ్ళీ రాదు. ప్యాడ్‌లు ఎక్కువ ఉంచుకోండి. ఎరుపు పేరుకున్న ప్యాడ్‌తో రుద్దితే చచ్చిన పెయింట్‌నే తిరిగి పూసినట్టు. ప్రతి భాగం అయ్యాక బ్రష్‌తో గీకి, రెండు భాగాలకు ఒకసారి ప్యాడ్ మార్చండి. ఆ గుడ్డల్ని ఇంట్లో బట్టలతో కలిపి ఉతకొద్దు.

బెజవాడ_రంగులు
మార్చి 22, రాత్రి 11:55

ఫొటో చూశాను బాబూ. మా కుర్రాళ్ళందరికీ చూపించాను. అంచులు మాత్రం చేత్తో, వేళ్ళతో కాదు అరచేత్తో. వేలి కింద ఒత్తిడి ఒకేచోట పడి గాడి కడుతుంది. లేచే హెడ్‌లైట్ల మూతల మూలలు మరీ జాగ్రత్త.

కిరణ్_ప్లేనో
ఏప్రిల్ 6, రాత్రి 9:20

మూడు వారాంతాలు పట్టింది. బానెట్ ఒక్కదానికే ఎనిమిది గంటలు, ఏడు ప్యాడ్‌లు. బంపర్ల మీద గేజ్ లేదు కాబట్టి చేత్తోనే, రెండు పాస్‌లతో ఆపేశాను, అందుకే అవి బానెట్ కంటే ఒక పిసరు వెలసినట్టు ఉన్నాయి. బానెట్ ముందు అంచులో రాళ్ళు తగిలి లేచిన చుక్కలు పద్నాలుగు. అగ్గిపుల్ల మొనతో ప్రైమర్, ఆరాక టచప్ రంగు పెట్టాను. డిక్కీ మూత మీద రెట్ట తిన్న మచ్చ ఒకటి అలాగే ఉంది. దాన్ని తీయాలంటే 90 కిందికి వెళ్ళాలి. వదిలేశాను. చివర కార్నుబా వ్యాక్స్ రెండు పూతలు. ఇక ఎండలో పెట్టేది లేదు, కవర్ కుట్టించాను.

ఇంజన్ గది గోడ పక్కన బానెట్ ఎత్తి పట్టుకుని పోల్చాను. పగటి వెలుతురులో తేడా దొరకలేదు.

సాయంత్రం పెద్దాయన్ని పిలిచాను. వాకర్ పట్టుకుని మెల్లగా వచ్చారు. కారు చుట్టూ ఒక రౌండు తిరిగి, ఏమీ మాట్లాడకుండా బానెట్ మీద అరచెయ్యి ఆనించారు. తీసి, అరచేతిని తన వైపు తిప్పుకుని చూసుకున్నారు. పొడి లేదు. మళ్ళీ ఆనించి కాసేపు అలాగే ఉంచారు.

కుడి ఫెండర్ గురువారం స్ప్రేకి ఇస్తున్నాను. ఈసారి క్లియర్ లేకుండా సింగిల్ స్టేజ్‌లోనే కొట్టే పెయింటర్ దొరికాడు. పాలిష్ చేసిన పెట్రోల్ మూతను విప్పి ఆయనకు ఇచ్చాను, రంగు దానికి కలపమని.

బెజవాడ_రంగులు
ఏప్రిల్ 7, ఉదయం 8:05

పెట్రోల్ మూత ఇవ్వడం చాలా మంచి పని. ముందు ఒక రేకు ముక్క మీద కొట్టించి, పూర్తిగా ఆరాక మూత పక్కన పెట్టి చూడు, తడిలో చూసి ఒప్పుకోవద్దు. ట్యూబ్‌లైటు కింద కూడా ఒప్పుకోవద్దు, ఎర్రరంగు దాని కింద మోసం చేస్తుంది. బయటికి తెచ్చి ఎండలో ఒకసారి, సాయంత్రం నీడలో ఒకసారి చూసుకో. ఆ రెండు ఫొటోలూ ఇక్కడ పెట్టు, నేనూ చూస్తాను.